మేనత్త ఇంటి పాతర

బెంగుళూరు నుండి చింతామణికి పోయే బస్సు హొసకోట దాటేవరకు మనం పల్లెకు పోతున్నామన్న నమ్మకం కలుగదు. అంతదాకా దారికి ఇరుపక్కలా గోదాములు, కార్ఖానాలు, వరుస కట్టిన లారీలు. ఆ తరువాతనే ఎర్రనేల కంటబడుతుంది. నీలగిరి తోపులు, టమాటా మడులు, మల్బరీ తోటలు, అక్కడక్కడ కోతలైపోయిన రాగిచేలు. ఇంకా ముందుకు పోతే అంబాజీదుర్గం, రహమాన్‌గఢ్ కొండలు కనబడతాయి. అక్కడికి వచ్చేసరికి బస్సులో మాటలు కూడా మారిపోతాయి. బెంగుళూరులో కన్నడంలో టిక్కెట్టు అడిగిన పెద్దమనిషి కైవారం క్రాసు దగ్గర "కొంచెం నిలపప్పా, దిగాల" అని తెలుగులో అంటాడు. కండక్టరుకు అది వింతగా తోచదు. మనకూ తోచదు.

చిన్నప్పుడు ఈ దారిన ఏటా వచ్చేవాణ్ణి. ఉద్యోగమూ, పిల్లల చదువులూ మీద పడిన తరువాత పెళ్ళిళ్ళకూ, కర్మాంతరాలకూ తప్ప రాలేదు. ఈసారి సంక్రాంతి వెళ్ళిన రెండో వారంలో మూడు రోజులు సెలవు పెట్టి రావడానికి వేరే కారణం ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. మన సంఘ పత్రిక చదివే ఇళ్ళలో మరొకరు అటువంటి పొరపాటు చేయకుండా ఉంటే నాకంతే చాలు.

మా ఇంట్లో పప్పుదినుసులు సంవత్సరానికి సరిపడా ఒకేసారి తెప్పించుకునే అలవాటు మా నాయన నాటినుండీ ఉంది. కందులు, అనపగింజలు, పెసలు, ఉలవలు డబ్బాలలో పోసి పెట్టుకుంటాము. కిందటి సంవత్సరం వానలకాలంలో అనపగింజల డబ్బా మూత తీస్తే పైన పిండివంటి పొడి, గింజ గింజకూ సూదితో తొలిచినట్టు గుండ్రని చిల్లి. మా శ్రీమతి సగం గింజలు పారబోసి, మిగిలిన డబ్బాల సంగతి చూడమని నాతో చెప్పింది. నేను ఆఫీసునుండి వచ్చే దారిలో ఒక దుకాణంలో అడిగితే అతడు మూడు బిళ్ళలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు. "డబ్బాకొకటి వేయండి సార్, ఒక్క పురుగుండదు" అన్నాడు. ఆ బిళ్ళ పేరేమిటో, దానిని ఎవరు వాడవచ్చునో అతడు చెప్పలేదు. నేనూ అడగలేదు. రోజంతా ఇతరుల కాగితాలలో తప్పులు వెదికే గుమాస్తాను, ఆ పొట్లం మీద ఒక్క అక్షరమైనా లేదని గమనించలేదు.

డబ్బాలు పిల్లలు పడుకునే గది మూలన ఉండేవి. ఆ రాత్రి రెండు గంటల వేళ మా చిన్నమ్మాయి వాంతి చేసుకుంది. గదిలో వెల్లుల్లి వాసనో, కుళ్ళిన చేపల వాసనో తెలియని ఒక వాసన. మా శ్రీమతి తలుపులూ కిటికీలూ తెరిచి, పిల్లలిద్దరినీ వరండాలోకి లాక్కొచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు బిళ్ళ మాట వినగానే ముఖం గంభీరంగా పెట్టి, ఇంట్లో ఇంకెవరున్నారని ముందు అడిగాడు. అది అల్యూమినియం ఫాస్ఫైడ్ అనీ, గాలిలోని తేమ తగిలితే చాలు ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతుందనీ ఆయన వల్ల తెలిసింది. ఆ వాయువుకు ప్రత్యేకమైన విరుగుడు లేదు. మంచి గాలి అందించి, గుండెనూ ఊపిరినీ కనిపెట్టుకుని ఉండడమే వైద్యం. శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో, మనుషులు మసలని గోదాములలో వాడవలసిన సరుకును నేను కందిపప్పు పొట్లంలాగా సంచిలో వేసుకుని వచ్చాను. మా పిల్ల రెండు రోజులలో కోలుకుని ఇంటికి వచ్చింది. ఆ రెండు రాత్రులూ ఆస్పత్రి బల్లమీద కూర్చుని నేనేమనుకున్నానో ఇక్కడ వ్రాయను.

ఇంటికి వచ్చిన తరువాత మా అమ్మ ఒక్కమాట అంది: "మీ మేనత్త అరవై ఏండ్లుగా గింజలు దాస్తోంది. ఆ ఇంట్లో ఎవరినైనా ఆస్పత్రికి మోసినారా?"

అందుకే ఈ ప్రయాణం.

క్రాసులో దిగి ముందు కైవారం వెళ్ళాను. యోగి నారేయణ తాతయ్య గాజులమ్ముకుని బ్రతుకుతూ తెలుగులోనూ, కన్నడంలోనూ తత్త్వాలు చెప్పిన ఊరు ఇది. కన్నడ సీమలో పుట్టి తెలుగులో పాడిన మహనీయుడు మనవంటి వారందరికీ కొంచెం దగ్గరి చుట్టమే. మఠంలో దర్శనం చేసుకుని, భీమలింగేశ్వరుని గుడికి కూడా పోయి వచ్చాను. పాండవులు తలదాచుకున్న ఏకచక్రపురం ఇదేనని స్థలపురాణం. రోజుకొక బండెడు అన్నమూ, దానిని తోలుకొచ్చిన మనిషినీ మింగిన బకాసురుణ్ణి భీముడు ఇక్కడే చంపాడంటారు. చిన్నప్పుడు ఆ కథ వింటే భీముడే కళ్ళకు కట్టేవాడు. ఈసారి మాత్రం ఆ బండెడు అన్నం జ్ఞాపకం వచ్చింది. ఊరి గాదెలు ఖాళీ చేసే రాక్షసుడు ఒక్కడైతే భీముడు చాలును. నువ్వుగింజంత పురుగులు వేలకు వేలుగా వచ్చి ఖాళీ చేస్తే ఎవరిని పిలవడం? ఈ ఆలోచనతోనే మూడు కిలోమీటర్లు నడిచి మేనత్త ఊరు చేరాను.

మేనత్త అరుగు మీద కూర్చుని చేటలో అనపగింజలు చెరుగుతోంది. ఎనభైకి దగ్గర పడింది. చూపు తగ్గినా చేతివేళ్ళు తగ్గలేదు.

"వస్తివా అబ్బయ్యా! పిల్ల బాగుండాదా?"

"బాగుంది అత్తా."

"మీ అమ్మ ఫోనులో చెప్పె. గింజకు జబ్బొస్తే పిల్లోళ్ళు పండుకునే ఇంట్లోనా మందు పెట్టేది?" అంది. తరువాత నేను ఉన్న మూడు రోజులూ ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు. "రేపు పాతర తెరుస్తారు. చూసి పోదువు గాని. కాళ్ళు కడుక్కో, పితుకుపప్పు పులుసు, ముద్ద ఉండాది."

నానబెట్టిన పచ్చి అనపగింజలను వేళ్ళతో పితికి తొక్క తీసిన పప్పు అది. చలికాలంలో ఈ సీమలో ఏ ఇంట్లో చూసినా ఇదే వాసన.

పాతర సంగతి తెలియని పిల్లల కోసం చెబుతాను. నీరు నిలవని గట్టి గరుసునేల చూసి నిలువు మనిషికన్న లోతుగా గొయ్యి తవ్వుతారు. పైన ఒక మనిషి దూరేటంత మూతి ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ కుండ కడుపులాగా విశాలమవుతుంది. అడుగునా, చుట్టూ రాగిగడ్డి పేర్చి రాగులు పోసి, మూతికి బండ వేసి మట్టితో మెత్తుతారు. కన్నడంలో దీనిని హగేవు అంటారు. మా మేనత్త ఇంటి పాతర ఆమె మామగారి తండ్రి నాటిది. ఊళ్ళో ఇటువంటివి ఒకప్పుడు ఇంటికొకటి ఉండేవి. ఇప్పుడు ధాన్యం పోసేది ఇదొక్కటే.

ముందురోజు సాయంత్రం బండ జరిపి రాత్రంతా తెరిచి ఉంచారు. తెల్లవారి మా బావ కొడుకు లోపలికి దిగబోతే మేనత్త కసిరి వెనక్కు పిలిచింది. కొబ్బరిచిప్పలో దీపం పెట్టించి, తాడుతో మెల్లగా దింపించింది. సగం లోతుకు పోయేసరికి దీపం సన్నగిల్లి ఆరిపోయింది. ఎవరమూ మాట్లాడలేదు. వేపకొమ్మ ఒకటి తాడుకు కట్టి చాలాసేపు పైకీ కిందికీ ఆడించారు. మళ్ళీ దీపం దింపితే ఈసారి అడుగుదాకా పోయి నిలకడగా వెలిగింది. అప్పుడు పిల్లవాడు దిగాడు. పైకి అందించిన గంపలో రెండేళ్ళనాటి రాగులు. గుప్పెట పట్టి చూశాను. ఒక్క పురుగు లేదు, ముక్క వాసన లేదు.

ఇందులో మంత్రమేమీ లేదు. మూసిన పాతరలో గింజా, గింజతో పోయిన పురుగూ ఊపిరి పీల్చి పీల్చి ప్రాణవాయువు తరిగిపోతుంది, బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది. ఆ గాలిలో పురుగు బ్రతకదు, దీపమూ బ్రతకదు, మనిషీ బ్రతకడు. 1980ల చివర అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వారు ఆఫ్రికాలో కామెరూన్ రైతుల అలసందల కోసం గాలి చొరని మూడు పొరల సంచీ తయారుచేశారు. ఇప్పుడది చాలా దేశాలలో వాడుకలో ఉంది. దాని కీలకమూ ఇదే. పైగా రాగిగింజ మరీ చిన్నది. బియ్యానికీ జొన్నకూ పట్టే ముక్కుపురుగు గింజ లోపల గుడ్డు పెట్టి అక్కడే పిల్లను పెంచుతుంది. రాగిలో దానికి కాపురముండేటంత చోటు లేదు.

కాని నా మనసు ఆ ఆరిపోయిన దీపం మీదనే నిలిచిపోయింది. పాతరలో ఉన్నదీ ప్రాణం తీసే గాలే. మేనత్తకు ఆ సంగతి తెలుసు గనుక దీపం దింపింది. నేను మా ఇంట్లో విషవాయువు పెట్టి, దోమలు వస్తాయని కిటికీలు మూశాను.

అనపలకూ, కందులకూ పాతర పనికిరాదు. అవి వంటకు అప్పుడప్పుడు తీయవలసినవి, విత్తనానికి మొలకెత్తవలసినవి. వాటికి పట్టే పురుగు తీరు కూడా వేరు. పుచ్చు పట్టించే ఈ చిన్న పెంకుపురుగు చేలో కాయ మీదనే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, గింజలతోబాటు మనకు తెలియకుండా ఇంటికి వస్తుంది. గింజ పైన తెల్లని చుక్కలాగా అంటుకుని ఉండేది దాని గుడ్డు. పిల్లపురుగు గుడ్డులోనుండి నేరుగా గింజలోకి తొలుచుకుని పోయి, లోపలే తిని, లోపలే పెరిగి, గుండ్రని కిటికీ తెరుచుకుని బయటికి వస్తుంది. మనకు కనబడే పెద్ద పురుగు గింజ తినదు. పదిరోజులు బ్రతికి, పదుల కొద్దీ గుడ్లు పెట్టి చస్తుంది. వేడి కాలంలో గుడ్డు నుండి పురుగు దాకా ఇంచుమించు ఒక నెల. చిల్లి కనబడిన నాటికి మన గింజ ఒక తరాన్ని పోషించేసిందన్నమాట.

మేనత్తకు ఈ లెక్కలు తెలియవు. "పురుగు అమావాస్యకు బయటికొస్తాది, అందుకే అమావాస్యకు అమావాస్యకు మూత తీసి చూసి ఎండబోసేది" అంటుంది. చంద్రుడికీ పురుగుకూ ఏమి సంబంధమో నేను వాదించను. నెలకొకసారి చూడాలన్న ఆమె నియమమూ, నెలకొక తరం అన్న పురుగు నియమమూ సరిపోయాయి.

ఆమె పద్ధతి మొత్తం చూసిన తరువాత నాకు బోధపడినది ఒక్కటి. మనం "వేపాకు వేస్తే పురుగు రాదు" అని ఒక్కమాటలో చెప్పుకుంటాము. ఆకు ఆమె పనిలో చివరిది. మొదటిది ఎండ. కళ్ళంలోనుండి వచ్చిన గింజను మూడు రోజులు, నల్లని కంబళి మీద వేలెడు మందం మించకుండా పరిచి ఎండబోస్తుంది. పంటికింద పెట్టి కొరికితే టక్కుమని విరగాలి, నలిగితే మళ్ళీ ఎండకే. గింజలో తేమ తగ్గితే బూజు రాదు. 60 డిగ్రీలకు దగ్గరి వేడి గంటసేపు తగిలితే లోపలి గుడ్డూ, పిల్లపురుగూ కూడా చస్తాయి. నల్లని గుడ్డ ఆ వేడిని పట్టి ఇస్తుంది. తరువాత జల్లించి, నలుసూ పుచ్చూ ఏరి, నీడలో చల్లార్చిన మీదట గింజను మూడు పాళ్ళు చేస్తుంది. విత్తనానికి ఒకటి, వంటకు ఒకటి, అమ్మకానికీ బంధువులకూ ఒకటి. మూటికీ ఒకే మందు వేయదు. నేను తెలుసుకోవలసిన అసలు పాఠం ఇక్కడ ఉంది.

విత్తనం పాలు కుండలోకి పోతుంది. జల్లించిన పిడకల బూడిద గింజల మధ్య సందులన్నీ నిండేటట్టు కలుపుతుంది. బూడిద పురుగు ఒంటిమీది మైనంపొరను గీచి దాని నీటిని ఆర్చేస్తుంది, మసలడానికి చోటు కూడా ఉంచదు. మరొక కుండలో బూడిదకు బదులు వేపగింజల పప్పు పొడి. కిందటి ఆషాఢంలో రాలిన వేపపండ్లు కడిగి, గుజ్జు తీసి, గింజలు నీడలోనే ఎండబెట్టి ఉంచింది. ఎండలో పెడితే వేప బలం తగ్గుతుంది. నూరుపాళ్ళ విత్తనానికి ఒకటి రెండు పాళ్ళ పొడి చాలు. కానుగనూనె పట్టించేదీ విత్తనానికే. వేపా కానుగా చేదు గింజకు అంటుకుంటుంది, ఆ గింజ వంటకు రుచించదు.

వంట పాలుకు ఆముదం. కిలో గింజలకు ఒక చిన్న చెంచా, అంటే అయిదు మిల్లీలీటర్లు, అరచేతులతో గింజ గింజకూ అంటేటట్టు రుద్దాలి. నూనె పొర గుడ్డుకు ఊపిరాడనీయదు, పెద్ద పురుగుకు గింజమీద కాలు నిలవదు. వండేముందు కడిగితే పోతుంది. కందులనైతే మేనత్త సగం ముందుగానే విసిరి బ్యాళ్ళు చేసి పెడుతుంది. ఈ పుచ్చుపురుగుకు నిండుగింజ కావాలి, బద్ద మీద దాని సంతతి సరిగా సాగదు.

మూడో పాలు గుమ్మిలోకి. అడుగున ఒక వరుస, మధ్య మధ్య ఒక వరుస, పైన ఒక వరుస ఎండిన ఆకు. దానిపైన రెండు వేళ్ళ మందం ఎండిన ఇసుక. కింది పురుగు ఇసుకలోనుండి పైకి రాలేదు, పై పురుగు గింజదాకా పోలేదు. ఆకు వేప, వావిలి, కానుగ ఏదైనా సరే, నీడన గలగలలాడేటట్టు ఎండాలి. పచ్చి ఆకు వేస్తే దాని తేమకు బూజు పట్టి, పురుగు చేయవలసిన నష్టం మనమే చేసుకున్నట్టవుతుంది.

మన పాఠకులు పలుచోట్ల ఉన్నారు గనుక, అంగట్లో అడగడానికి పనికి వస్తుందని పేర్లు వ్రాస్తున్నాను. వావిలిని కన్నడంలో లక్కి, తమిళంలో నొచ్చి, మరాఠీలో నిర్గుడి, ఒడియాలో బేగునియా అంటారు. కానుగ కన్నడంలో హొంగె, తమిళంలో పుంగం, మరాఠీ ఒడియాలలో కరంజ. వస కన్నడంలో బజె, తమిళంలో వసంబు, మరాఠీలో వేఖండ్. వేపను గుర్తుపట్టడానికి ఎవరికీ పేరు అక్కరలేదు.

వస గురించి ఒక హెచ్చరిక. దాని కొమ్ము పొడి పురుగులను బాగా అణచుతుంది, మేనత్తా విత్తనాలకు వాడుతుంది. దానిలోని అసరోన్ అనే పదార్థం ఎలుకలలో పుట్టకురుపులు కలిగించిందని 1968లో అమెరికా ప్రభుత్వం ఆహారంలో వసను నిషేధించింది. కనుక వంటగింజలలో పొడి కలపరాదు. సీతాఫలం గింజల పొడి కూడా అటువంటిదే, కంటిలో పడితే కన్ను చెడుతుంది. చెట్టునుండి వచ్చింది గనుక చెడు చేయదనుకోవడం, అంగట్లోనుండి వచ్చింది గనుక మంచిదనుకోవడం, రెండూ ఒకే అజాగ్రత్త.

పెద్దల మాటను శాస్త్రజ్ఞులు పరీక్షించకపోలేదు. 1962లో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు చెందిన ప్రధాన్, జోత్వానీ, రాయ్ అనేవారు వేపగింజల పప్పు కలిపిన నీళ్ళు చల్లిన పైరును మిడతల దండు ముట్టదని ప్రకటించారు. 1965లో జోత్వానీ, సర్కార్ విత్తనపు గోధుమలలో వేపపప్పు పొడి కలిపి నిలవపురుగులను అది అరికడుతుందని చూపారు. 1968లో ఇంగ్లండులో వేపగింజనుండి అజాడిరాక్టిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది పురుగుకు తిండి సయించకుండా చేస్తుంది, కుబుసం విడిచే క్రమాన్ని చెడగొడుతుంది. పురుగు వెంటనే కాళ్ళు చాచి పడిపోదు. తినక, పెరగక, సంతతి లేక పోతుంది. బిళ్ళకు అలవాటుపడిన మనకు ఈ నిదానం నచ్చదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా బావ అన్నమాట కూడా వ్రాయకపోతే న్యాయం కాదు. "నువ్వు నాలుగు డబ్బాల మనిషివి. నాకు ముప్పై బస్తాలు మండీకి పోవాల. అమావాస్యకు అమావాస్యకు ముప్పై బస్తాలు ఎవరు ఎండబోసేది? కూలికి మనిషి యాడుండాడు?" అన్నాడు. ఆయన చెప్పినది నిజం. వేల బస్తాల గోదాములకు ఆకూ, ఆముదమూ చాలవు. అక్కడ తెలిసినవారు జాగ్రత్తతో ఫాస్ఫీన్ వాడుతున్నారు. అయితే చాలా దేశాలలో, మన దేశంలోనూ, ఆ వాయువుకు లొంగని పురుగులు తయారవుతున్నాయి. బావ తండ్రి రోజులలో గింజలకు తెల్లపొడి కలిపేవారు. బి.హెచ్.సి. అనే ఆ పొడిని మన దేశంలో 1997లో నిషేధించారు. "ఆ పొడి గింజలు తిని ఒక ఏడు మన కోళ్ళు నాలుగు చచ్చె. ఆ పొద్దే మీ మామతో చెప్పినా, ఈ ఇంట్లో అది వద్దని" అంది మేనత్త చీకట్లోనుండి.

తరువాత బావ కొంచెం తటపటాయించి ఇంకొక సంగతి చెప్పాడు. పెరటిలో ట్రాక్టరు నిలపడానికి షెడ్డు వేయాలి, పాతర పూడ్చక తప్పదు. ఇంట్లో రాగిముద్ద తినేవారు ముగ్గురే, పిల్లలకు అన్నమే కావాలి. మూడు మూటల రాగుల కోసం పెరడంతా వదులుకోవడమెట్లా? మేనత్త ఏమంటుందోనని నేను చూశాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు.

"పూడిస్తే పూడ్చుకోండి. గొయ్యిదేముండాది? గింజను చూసే కన్ను పోకుండా ఉంటే చాలు" అంది చివరకు. మళ్ళీ అంతలోనే, "నేనున్నన్నాళ్ళు ఉండనీరా" అంది. బావ తలవంచుకుని "సరేలేమ్మా" అన్నాడు.

మర్నాడు నేను బయలుదేరేటప్పుడు రెండు సేర్ల అనప విత్తనం, ఒక సంచి ఎండిన వావిలాకు, సీసాలో ఆముదం కట్టి ఇచ్చింది. క్రాసుదాకా బావ స్కూటరు మీద దింపాడు.

ఇప్పటికి ఏడు అమావాస్యలు గడిచాయి. డబ్బాలు పిల్లల గదిలోనుండి వంటింటి అటక మీదికి మారాయి. ఆముదం రుద్దిన అనపలూ కందులూ ఈ వానలలో కూడా శుభ్రంగా ఉన్నాయి. ఉలవలలో పైన వేసిన వావిలాకు రెండుసార్లు మార్చాము, అవీ బాగున్నాయి. పెసలు మాత్రం పుచ్చాయి. కారణం దాచను: అంగటినుండి తెచ్చిన పెసలను మబ్బుగా ఉందని ఎండబోయకుండా, రెండింతల వేపాకు వేసి మూత బిగించాను. రెండో అమావాస్యకే గింజలమీద తెల్లచుక్కలు. ఫోనులో చెబితే మేనత్త నవ్వింది. "ఎండబెట్టకుండా ఎన్ని ఆకులేస్తే ఏం లాభం అబ్బయ్యా" అంది.

ఆ చుక్కలు కనిపెట్టింది నేను కాదు, మా చిన్నమ్మాయి. అమావాస్య ఆదివారం పడకపోతే ముందు వచ్చే ఆదివారం మేడమీద నల్లదుప్పటి పరుస్తాము. అది భూతద్దం పట్టుకుని గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే తిప్పి చూస్తుంది. చుక్క కనబడితే కేకవేస్తుంది. కనబడకపోతే దానికి కొంచెం నిరాశ.

హోసూరు, బరంపురం, షోలాపురం, యానాం వైపు ఉన్న పాఠకులకు ఒక మనవి. మీ ఇళ్ళలో పెద్దలు వడ్లకూ, జొన్నలకూ, మినుములకూ, చింతపండుకూ ఏమి చేసేవారో అడిగి, ఏ గింజకు ఏది, ఎంత, వంటకా విత్తనానికా అన్న వివరంతో పత్రికకు వ్రాయండి. చెప్పగలవారు అరుగుల మీద ఇంకా కూర్చుని ఉన్నారు. కొందరి పెరడులో షెడ్డు పని ఇంకా మొదలు కాలేదు.